చూసిందా, విన్నదా, అనుకున్నదా

ముందుగా ఒట్టు వేస్తాను. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. తలస్నానం చేసి, పరగడుపున, బండి స్టీరింగు మీద కుడిచెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ కువైట్‌లో నాకు అన్నం పెడుతున్నది ఆ చక్రమే కాబట్టి నాకు దాన్ని మించిన సాక్షి లేదు. ఫర్వానియాలో మా రూమువాళ్ళు ఇది చదివితే "వాని ఒట్టు తీసి గట్టున పెట్టండబ్బీ" అంటారు. అననివ్వండి. వాళ్ళ తప్పు లేదు. జహ్రా దారిలో దుమ్ము లేచి బండి ముందుభాగం కూడా కనబడని రోజున ఒక ఒంటె వెనకే పోనిచ్చి ఊరు చేరానని వాళ్ళకు చెప్పినవాణ్ణి నేనే. ఆ ఒంటె ఎర్రలైటు దగ్గర ఆగిందని చెప్పినవాణ్ణీ నేనే. ఆగస్టు ఎండలో బండి పైకప్పు మీద దోసె పోసి ట్రాఫిక్ పోలీసుకు పెట్టాననీ, ఆయన చట్నీ లేదా అని అడిగాడనీ కూడా చెప్పాను.

ఇది అట్లాంటి కథ కాదు. ఇందులో ఒక మనిషి చనిపోయాడు. ఆయన్ని ఏ మట్టిలో పెట్టాలన్నది చివరికి నా నోటి మీదికి వచ్చింది. అందుకే ఈ ఒట్టు.

నేను ఒక ఇంగ్లీషు బడిలో డ్రైవర్ని. ఎగైలాలో టీచర్లు ఉండే బిల్డింగు ముందు పొద్దున ఆరుంబావుకల్లా వ్యాను నిలపాలి. మిగతావాళ్ళు ఎక్కడ కూర్చున్నా, నా పక్కసీటు మాత్రం పదకొండేళ్ళపాటు ఒక్కరిదే. లెక్కల సారు. అప్పటికే యాభై దాటినవాడు, పొడుగు మనిషి, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు ఆనించి కూర్చునేవాడు. ఆయనది వేల్స్ దేశం. మొదటిరోజు నేను "ఇంగ్లండేనా సార్?" అని అడిగాను. మా రూములో కడపాయన్ని పట్టుకుని నెల్లూరా అంటే ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

బడిలో ఆయాలు, తోటమాలి, తక్కిన డ్రైవర్లు, తెలుగువాళ్ళంతా నన్ను అన్నా అని పిలిచేవాళ్ళు. అదే నా పేరనుకున్నాడు ఆయన. నాకంటే పదేళ్ళు పెద్దవాడు "గుడ్ మార్నింగ్ అన్నా" అంటూ ఎక్కేవాడు. దిద్దుదామని రెండుసార్లు అనుకున్నాను. బాగుందనిపించి ఊరుకున్నాను.

మేము మాట్లాడుకున్నది నా వచ్చీరాని ఇంగ్లీషులో, ఆయన ఓపికలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఒంటె కథ ఆయనకు చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. వెనకసీట్లలో నవ్వారు. ఆయన నవ్వలేదు. చాలా శ్రద్ధగా విని, బడిలో పిల్లల్ని అడిగినట్టు అడిగాడు.

"ఒంటెను చూశావా, విన్నావా, ఉందని అనుకున్నావా?"

"చూశాను సార్."

"అది లైటు దగ్గర ఆగడం?"

"అది... విన్నాను సార్."

"ఎవరి దగ్గర?"

"నేనే చెబుతుంటే విన్నాను."

అప్పుడు నవ్వాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వాడు. ఆ తరవాత చెప్పాడు, అది ఆయన ఎగతాళి కాదనీ, వాళ్ళ ఇంటి ఆచారమనీ. వాళ్ళ ఇంట్లో అన్నం బల్ల దగ్గర ఎవరు ఏ కబురు చెప్పినా వాళ్ళ నాన్న ఆ మూడు ప్రశ్నలు వేసేవాడట. పక్కవాళ్ళ ఆవు తప్పిపోయిందంటే, చూశావా, విన్నావా, అనుకున్నావా. అయిదేళ్ళ పిల్లయినా జవాబు చెప్పాకే గరిటె తీసుకోవాలి.

"అనుకోవడం తప్పు కాదు అన్నా," అన్నాడు సారు. "అనుకున్నదాన్ని విన్నదని చెప్పడమే తప్పు."

ఆ తరవాత పదకొండేళ్ళూ నేను కథలు చెప్పాను, ఆయన వాటిని మూడు కుప్పలు పోశాడు. నా కథలన్నీ మూడో కుప్పలోనే పడేవి. ఒక్కసారి కూడా నన్ను అబద్ధాలకోరు అనలేదు.

వాళ్ళది నాలుగు తరాల పాస్టర్ల వంశం. పాస్టర్లే పంతుళ్ళు కూడా. వారమంతా బడి, ఆదివారం ప్రసంగం. "ఇక్కడ ఆదివారమే బడి మొదలవుతుంది చూడు, మా తాత చూస్తే స్పృహ తప్పేవాడు" అనేవాడు. వాళ్ళు యూనిటేరియన్లు. దేవుడు ఒక్కడే, ముగ్గురు కాదు, ఏసు గొప్ప గురువు, మనిషి. ఇంతే వాళ్ళ మాట. ఇది నమ్మి తీరాలని రాసిపెట్టిన కాగితం కూడా వాళ్ళకు లేదట. చుట్టుపక్కల చర్చిలవాళ్ళు వాళ్ళ పల్లెలన్నిటినీ కలిపి నల్లమచ్చ అని పిలిచేవాళ్ళట.

వ్యానులో అరబ్బీ చెప్పే ఈజిప్టు పంతులు ఇది విని ఎంత సంబరపడ్డాడో. వెనకనుంచి ముందుకు వంగి అన్నాడు: "యా ఉస్తాద్! దేవుడు ఒక్కడంటావు. ఈసా దేవుడు కాదంటావు. ఇంకొక్క అరముక్క చెప్పు, మావాడివైపోతావు. యల్లా!"

"ఆ అరముక్క దగ్గరే మావాళ్ళు రెండువందల ఏళ్ళుగా ఆలోచిస్తున్నారు" అన్నాడు సారు. "తొందరేముంది?"

మా రూములో చెబితే, దజీజ్‌లో గోదాములో పనిచేసే రాజంపేట మామ ముద్ద నోటి దగ్గర ఆపాడు. "కిరస్తానీల్లో గూడా ఇట్లాంటోళ్ళు ఉండారా? నువ్వు కట్టిన కథ గాదు గదా?"

"నిజం మామా."

"నీ నోట్లోంచి వస్తే నిజం గూడా చెడిపోతాది రా."

సారు ముత్తాత కాలంలో ఆ పల్లెలవాళ్ళు భూస్వామి చెప్పినవాళ్ళకు ఓటు వేయలేదట. భూమి ఆయనది, భూమి మీది వాళ్ళ ప్రార్థన గుడీ ఆయనదే. తాళం వేయించాడు. ముత్తాత ఆదివారం పొద్దున గుడి ముందు దారి మీద బండి నిలబెట్టి, దాని మీదెక్కి ప్రసంగం చేశాడట. వానలో జనం నిలబడి విన్నారట. తరవాత తాత ఒక పశువుల కొట్టంలో బడి పెట్టి రైతుల పిల్లలకు లెక్కలూ, ఏసు కథ మొదట రాసిన గ్రీకూ చెప్పాడట. కూలివాడి కొడుక్కి గ్రీకెందుకు అని ఎవరో అడిగితే, "కూలివాడికి మాత్రం ఒకళ్ళు చెప్పింది విని ఊరుకోవడం ఎందుకు, తనే చదువుకుని చూడొద్దూ" అన్నాడట. ఇదంతా సారు ఎర్రలైట్ల దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పాడు. లైటు పచ్చబడితే ఆపేసేవాడు. కొన్ని కథలకు నెల పట్టింది.

తను ఎందుకు పాస్టరు కాలేదన్నది మాత్రం ఒకే లైటు దగ్గర చెప్పేశాడు. ఇరవై నాలుగేళ్ళప్పుడు తండ్రి దగ్గరికి వెళ్ళి, "దేవుడి సంగతి నేను చూడలేదు, వినలేదు, అనుకుంటున్నానంతే. అనుకునేవాడు ఆ ప్రసంగ వేదిక ఎక్కవచ్చా?" అని అడిగాడట. తండ్రి కోప్పడలేదు. బతిమాలలేదు. చాలాసేపు ఆలోచించి, "ఎక్కకూడదు" అన్నాడట.

"వద్దురా, ఉండరా అంటాడనుకున్నాను" అన్నాడు సారు. "నేను చెప్పింది సరిగ్గా ఉందన్నాడు."

అందుకే లెక్కలు పట్టుకున్నాడట. లెక్కల్లో అనుకుందాం అని ముందే చెప్పి మొదలుపెట్టవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

ఇక వాన సంగతి. మూడేళ్ళ కిందట, చలికాలం, శుక్రవారం. శుక్రవారాల్లో నేను బడి బండి కాకుండా మా స్నేహితుడి కారు తీసుకుని సారును వఫ్రా తోటలకు తీసుకువెళ్ళేవాణ్ణి. అక్కడ తోటల దగ్గరే కూరగాయలు అమ్ముతారు. ఆయన దోసకాయలు, కొత్తిమీర కొనేవాడు. నేను వంకాయలు. ఆ రోజు వెనక్కి వస్తుంటే వాన పట్టుకుంది. కువైట్ వాన ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు, రానే రాదు, వస్తే దారీ కాలువా ఒకటవుతుంది. "ఆపు అన్నా" అన్నాడు. పక్కకు తీశాను. దిగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఇసుకవైపు తిరిగి నిలబడ్డాడు. పది నిమిషాలు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పిలుద్దామని అద్దం దించి, పిలవలేక మళ్ళీ ఎత్తాను.

వచ్చి కూర్చున్నాక, నావైపు చూడకుండా అన్నాడు: "ఇది మా గుడి వెనక వాసన. నేను పోతే మా నాన్న పక్కన పెట్టమను అన్నా."

నేను సరే సార్ అన్నాను. ఇంకేమంటాను.

మొన్న ఫిబ్రవరిలో ఆయనకు గుండె ఆగిపోయింది. గురువారం బడి వదిలాక ఛాతీలో నొప్పి అంటే ఆస్పత్రికి నేనే తీసుకువెళ్ళాను. శనివారం మధ్యాహ్నం పోయాడు. దగ్గర నేనూ, ఈజిప్టు పంతులూ ఉన్నాము. పంతులు తన పద్ధతిలో ఏదో చదివాడు. నాకు ఏమీ చదవడం రాదు కాబట్టి ఆయన కళ్ళద్దాలు తుడిచి, మడిచి, జేబులో పెట్టుకున్నాను.

ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరు. ఒక అక్క ఉంది. మంగళవారం దిగింది. ఆమె ఇంటిపేరు రాసిన అట్ట పట్టుకుని ఏర్‌పోర్టులో నిలబడ్డాను. డెబ్బై ఏళ్ళుంటాయి, మగవాళ్ళంత పెద్ద బూట్లు, మోకాళ్ళ కిందిదాకా ఉన్ని కోటు, ఆయన పొడుగే. అట్ట చూసి వచ్చి, నా వెనక ఎవరికోసమో చూసింది.

"అన్నా రాలేదా?"

"నేనే మేడమ్."

నన్ను పైనుంచి కిందికి చూసింది. నా మీసాల దగ్గర ఆగింది. "పదకొండేళ్ళుగా వాడు నాకు ఉత్తరాల్లో రాసింది నీ గురించేనా? అన్నాతో కూరలకు వెళ్ళాను, అన్నా కడుపుబ్బ నవ్వించింది అని? మా దేశంలో అన్నా అంటే ఆడవాళ్ళ పేరు. ముసలితనంలో వాడికి తోడు దొరికిందని నేను ఎంత సంతోషపడ్డానో తెలుసా?"

పెట్టె అందుకున్నాను. నాలుగడుగులు వేశాక వెనకనుంచి ఆమె అంది: "దొరికిందిలే."

ఎగైలా ఫ్లాటులో బడి మందూబ్ మా కోసం కాచుకుని ఉన్నాడు. కాగితాల పనులన్నీ చూసే ఈజిప్టు మనిషి, మంచివాడే, కానీ ఫోను చెవికి ఉండగానే మాట్లాడతాడు. "మేడమ్, ఇక్కడే క్రైస్తవుల శ్మశానంలో పెట్టాలంటే ఒక రకం కాగితాలు. మీ దేశం పంపాలంటే ఇంకో రకం. రేపు మధ్యాహ్నం నమాజు లోపల చెప్పండి. ఏదో ఒకటి చెబితే ఖలాస్, నేను చూసుకుంటాను." సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

నాకు అందులో ఆలోచించేదేముందో అర్థం కాలేదు. తీసుకువెళుతుంది, అంతే కదా అనుకున్నాను. ఆమె కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని చెప్పింది.

గుడి వెనక వాళ్ళ వంశంవాళ్ళది ఒక సమాధుల వరస ఉంది. ముత్తాత తండ్రి, ముత్తాత, తాత, తండ్రి. సారు ఇల్లు వదిలినప్పుడు తండ్రికి ఒక ఉత్తరం రాశాడు. "నేను నిలబడలేని చోట నన్ను పడుకోబెట్టకండి" అని అందులో ఉంది. తండ్రి ఆ ఉత్తరాన్ని దాచలేదు. ఆ ఆదివారం వేదిక ఎక్కి జనం ముందు మొత్తం చదివాడు. మా అబ్బాయి మాట ఇది, మనం దీన్ని నిలబెట్టాలి అన్నాడు. కానీ తను పోయేముందు మాత్రం, తన పక్కన ఒక మనిషికి పట్టేంత చోటు వదిలి ఆ అవతల కూతురికి ఉంచమన్నాడు. ఎవరికోసమో చెప్పలేదు.

"ఇప్పుడు ఆ గుడికి పాస్టరు లేడు. నేను బడిలో రిటైరయ్యాక ఆదివారాలు నేనే ప్రసంగం చేస్తున్నాను. పన్నెండుమంది వస్తారు. నేను పోతే మా ఇంట్లో ఇంక ఎవరూ లేరు. వాణ్ణి ఆ చోట పెట్టాలని నాకుంది. ఆ చోటు వాడికోసమే వదిలారని అనుకుంటున్నాను. కానీ అనుకున్నదాని మీద గొయ్యి తవ్వలేను కదా. వాడు నోటితో వెనక్కి తీసుకుంటే తప్ప ఆ ఉత్తరం ఉన్నట్టే. నాకు ఉత్తరాల్లో ఎప్పుడూ రాయలేదు." నావైపు తిరిగింది. "నీతో ఏమైనా అన్నాడా? ఇంటికి రావాలని ఉందనిగానీ, ఏదైనా?"

నోటిదాకా వచ్చింది. రాలేదు.

ఎందుకంటే ఆమె చేతిలో సారు రాసిన పాత ఉత్తరం ఒకటి ఉంది. అందులో నా గురించి ఏముందో అప్పుడే చదివి వినిపించింది: "మా అన్నా ఈ అరేబియా మొత్తంలోకీ గొప్ప అబద్ధాల మనిషి. ఆ కళలో అంత నిజాయితీ నేను ఎక్కడా చూడలేదు." ఆమె నవ్వింది. రేపు పొద్దున చెబుతాను మేడమ్, గుర్తుచేసుకోవాలి అన్నాను.

రూముకు వచ్చేసరికి మామ అన్నం వండి, పప్పు తిరగమోత పెడుతున్నాడు. చెప్పాను.

"మామా, సారు ఒక మాట అన్నాడు. చెప్తే ఆయమ్మ నమ్ముతుందా?"

"యాడ నమ్ముతాది? నువ్వు నిజం జెప్పేటప్పుడు మొగం ఎట్లుంటాదో ఇన్నేండ్లుగా నీ పక్క మంచంలో పండుకునే నాకే తెల్దు." గరిటె పక్కన పెట్టాడు. "సూడబ్బీ, మనోళ్ళు ఈడ సచ్చిపోతే ఎవురూ అడగరు. ఈడ కాల్చేదానికి లేదు, పెట్టెలో పెట్టి ఊరికి పంపిచ్చల్ల. ఆయప్పకు రెండు దావలుండాయి. అదీ ఆయమ్మకు కట్టం. నువ్వేమన్నా జెప్పు, ఒకటే సారి జెప్పు. రెండోసారి జెప్పినావంటే దాంట్లో ఒక ఒంటె వచ్చి సేర్తాది."

నవ్వు రాలేదు నాకు. మామ కూడా నవ్వించాలని అనలేదు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి వెళ్ళాను. ఆమె తన దేశంనుంచి తెచ్చిన ఎండుద్రాక్షల రొట్టె కోసి, వెన్న రాసి, టీతో నా ముందు పెట్టింది. అది ఆమె తమ్ముడికని చేసింది కాదు, ఆయన పోయాక చేసింది. చేతులు ఊరికే ఉండలేక చేశానంది. నేను తినలేదు. వఫ్రా దారి, వాన, టోపీ, ఆయన అన్న మాట, అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక ఒక నోటుపుస్తకం తీసింది.

"మళ్ళీ చెప్పు. ఒక్కొక్క ముక్కా. నేను అడుగుతాను."

మామ మాట గుర్తొచ్చింది.

"వాన?"

"చూశాను మేడమ్."

"ఆపమన్నది?"

"విన్నాను."

"టోపీ తీసింది?"

"చూశాను."

"ఏడ్చాడా?"

ఏడ్చాడనే చెబుదామనుకున్నాను. అక్క కదా, ఆ మాట ఆమెకు కావాలనిపించింది. కానీ ఆమె పెన్ను కాగితం మీద ఆగి ఉంది. "ముఖం అటువైపు ఉంది మేడమ్. వాన కూడాను. ఏడ్చాడని అనుకున్నాను" అన్నాను.

అది రాసుకుంది. తరవాత అడిగింది: "మా నాన్న పక్కన పెట్టమను అన్నది?"

"విన్నాను."

రాసింది. పుస్తకం మూసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, కింద బకాలా కొట్టు ముందు నీళ్ళ బుడ్లు దించుతున్న మనుషుల్ని చాలాసేపు చూసింది. తిరిగి వచ్చి, "మీ మందూబ్‌కు ఫోన్ చెయ్యి" అంది. అప్పటికి పదిన్నర.

కాగితాలకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆమెతో కలిసి ఫ్లాటు సర్దాను. చొక్కాలు బడి ఆయాల ఇళ్ళవాళ్ళకు, పుస్తకాలు సగం బడికి. సబ్హాన్‌లో ఒక వడ్రంగి దగ్గర ఆమె తీసుకువెళ్ళే పుస్తకాలకు చెక్కపెట్టె చేయించాము. పుస్తకాల మధ్య అక్కడక్కడా చిన్న కాగితాలు దొరికాయి. వాటిమీద నా కథలు రెండేసి లైన్లలో రాసుకున్నాడు, పక్కన గుర్తులు వేసి. దోసె కథ పక్కన వేసిన గుర్తు ఏ కుప్పదో ఆమె చెప్పలేదు. చదివి మడిచి తన సంచిలో పెట్టుకుంది.

ఏర్‌పోర్టులో చెయ్యి కలిపింది. గట్టి చెయ్యి. వదలకుండానే అంది: "మా నాన్నయితే నిన్ను ఇంకొక్క ప్రశ్న అడిగేవాడు."

"ఏం ప్రశ్న మేడమ్?"

"నేను అడగలేదు" అని, బూట్లు చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి మొదట్లో ఆ గుడి వెనక ఆయన్ని పెట్టారు. ఆమె నాకు వీడియో పంపింది. పన్నెండుమంది కాదు, నలభైమంది దాకా ఉన్నారు. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళెవరో దూరంనుంచి వచ్చారట. చనిపోయినవాడి గురించి తెలిసిందే చెప్పాలి, పొగడకూడదు, అది వాళ్ళ పద్ధతి. ఆమె వేదిక ఎక్కి ముందు నలభై ఏళ్ళ కిందటి ఉత్తరం చదివింది. తరవాత నోటుపుస్తకం తెరిచి, వాన, చూసింది, ఆపమనడం, విన్నది, అని వరసగా చదివింది. చివరి మాట దగ్గర గొంతు మారలేదు. చదివి, "విన్నవాడు, ఆయన డ్రైవరు" అంది. జనం తలలు దించారు. బయట వాన పడుతున్నట్టుంది, కిటికీలు బూడిదరంగులో ఉన్నాయి.

ఆ వీడియో నేను ఒక్కసారే చూశాను.

ఇప్పుడు ఒట్టు సంగతి. స్టీరింగు మీద చెయ్యి పెట్టి చెప్పినదాంట్లో ఒకటి తీసెయ్యాలి. ఆ ఈజిప్టు పంతులు నిజం. అన్నా అనే ఆడమనిషి కోసం ఆమె నా వెనక చూడటం నిజం. కొడుకు తనను కాదని రాసిన ఉత్తరాన్ని తండ్రి వేదిక ఎక్కి చదవడం, నమ్మబుద్ధి కాకపోయినా, నిజమే. వాన, టోపీ, అంటుకుపోయిన చొక్కా నేను చూసినవే. "మా నాన్న పక్కన పెట్టమను" అన్న మాట ఒక్కటే నేను కల్పించింది. ఆ రోజు సారు వచ్చి కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, "యల్లా అన్నా, కొత్తిమీర నలిగిపోతోంది" అన్నాడు. అంతే అన్నాడు. గుడి వెనక వాసన అని కూడా అనలేదు.

మంగళవారం సాయంత్రం మామ ముందు కూర్చుని నేను ఆలోచించింది ఆమె నమ్ముతుందా అని కాదు. ఏం చెబితే నమ్ముతుందని. ఏడుపు సంగతి అనుకున్నానని ఒప్పుకున్నది నిజాయితీతో కాదని చెప్పలేను, నిజాయితీతోనే అని కూడా చెప్పలేను. ఆ ఒక్క నిజం ముందు చెబితే తరవాతి మాట నిలబడుతుందని నా నాలుకకు తెలుసు. ముప్పై ఏళ్ళ అలవాటు దానిది. కోటు విప్పకుండా కుర్చీలో కూర్చున్న ఆమెను చూశాక, తమ్ముణ్ణి ఈ ఇసుకలో వదిలి ఆ బూట్లతో ఒంటరిగా వెళ్ళిపోవడం నేను చూడలేననుకున్నాను.

ఆ వరసలో ముందున్న నలుగురూ తెలిసిందే చెప్పి పోయినవాళ్ళు. అయిదోవాడు నా మాట మీద పడుకున్నాడు. అది కూడా వాళ్ళ గుడిలో, వాళ్ళ వేదిక మీదినుంచి చదివిన మాట. ఆయన ఎక్కనన్న వేదిక మీదికి నా అబద్ధం ఎక్కింది.

మరి ఆయనకు నిజంగా ఇంటికి వెళ్ళాలని ఉండేదా? నాకు తెలియదు. పదకొండేళ్ళు పక్కసీటులోనే కూర్చున్నాడు. అన్ని ఎర్రలైట్లలో ఏదో ఒకదాని దగ్గర నేను నోరు మూసుకుని అడిగి ఉంటే చెప్పేవాడే. నా కథలు చెప్పుకోవడంలో పడి, ఆ ఒక్క ప్రశ్న నేను అడగనేలేదు.